ఐదు గ్రాముల పాత ఊక

ఒక మంగళవారం ఉదయం 9.40 నుంచి 10.34 వరకు, అంటే యాభై నాలుగు నిమిషాల పాటు, నేను ఒక స్టీలు స్టూలు మీద కూర్చుని ముప్ఫై ఆరు ప్లాస్టిక్ బోనులు మార్చడాన్ని చూశాను. స్టూలుకూ బోనులు మార్చే బల్లకూ మధ్య దూరం రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. గది ఉష్ణోగ్రత ఇరవై రెండున్నర డిగ్రీలు. కూర్మన్నపాలెంలోని మా ఇంటి నుంచి ఆ స్టూలు వరకు ఇరవై తొమ్మిది కిలోమీటర్లు; మద్దిలపాలెంలో బస్సు మారాలి; మొత్తం గంటా ముప్ఫై ఐదు నిమిషాలు. అంత దూరం ఇరవై ఆరేళ్లు రోజూ ప్రయాణించాను. మిగిలిన రెండు మీటర్ల పది సెంటీమీటర్ల అవతల ఏం జరుగుతోందో మాత్రం ఆ రోజు దాకా కూర్చుని చూడలేదు.

మధురవాడ వైపున్న ఒక పరిశోధన సంస్థలో చిట్టెలుకల విభాగానికి సాంకేతికాధికారిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఈ రంగంలోకి కొత్తగా అడుగుపెట్టే యువతీ యువకులకు విజయాల గురించి చెప్పేవారు కావలసినంత మంది ఉన్నారు. నేను ఒక తప్పు గురించి చెబుతాను. అది నాదే కాబట్టి వివరాలు కచ్చితంగా తెలుసు.

మా ముప్ఫై ఆరు బోనుల్లో, ప్రయోగంలో ఉన్నవీ తర్వాతి విడతలకు పెంచుతున్నవీ కలిపి, రెండు రకాల చిట్టెలుకలుండేవి. మొదటివి మామూలువి, వాటి బోనులకు తెల్ల కార్డు. రెండోవి, పేగు గోడ సూక్ష్మజీవుల రాకను పసిగట్టడానికి ఉపయోగపడే ఒక జన్యువును తీసేసి పుట్టించినవి. వాటి బోనులకు ఎర్ర కార్డు. నాలుగు వారాలు మా దగ్గర ఉంచుకున్నాక రెండు రకాలకూ ఒకే మోతాదులో విరేచనాల సూక్ష్మజీవిని పట్టిస్తాం. ఎర్రకార్డువాటికి జబ్బు ముదిరి, తెల్లకార్డువి తట్టుకుంటే, ఆ జన్యువే పేగును కాపాడుతోందని అర్థం. ఇదే సంగతిని మా ప్రొఫెసరుగారు రెండు గంటల సేపు చెప్పగలరు. ఆ జన్యువును ఆయన కొత్తల్లుణ్ణి పొగిడినట్టు పొగిడేవారు; దానిలో లోపం ఉండవచ్చునన్న ఆలోచనే ఆయనకు అమర్యాదగా తోచేది.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయిది శ్రీకాకుళం వైపు ఒక రైతు కుటుంబం. ఆమె పీహెచ్‌డీ పట్టా మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. మొదటి రెండు విడతల్లో ఫలితం ముచ్చటగా వచ్చింది. విడతకు పన్నెండు ఎర్రవి, పన్నెండు తెల్లవి. మొదటి విడతలో ఎర్రవాటిలో తొమ్మిదింటికి జబ్బు ముదిరింది, తెల్లవాటిలో ఒక్కదానికి. రెండో విడతలో పదింటికి, రెండింటికి. వ్యాసం రాసి పంపితే పత్రికవారు ఒకే ఒక్కటి అడిగారు: మరోసారి చేసి చూపండి. ఫెలోషిప్పు ముగియడానికి అప్పటికి పదకొండు నెలలుంది. విడతకు పట్టేది ఏడు వారాలు. ఎవరూ కంగారు పడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అటెండరు మారాడు.

పాత అటెండరు బద్ధకానికి కొలమానంగా పెట్టుకోదగ్గ మనిషి. నేనిచ్చిన మెమోలను తేదీల వారీగా ఫైలు కట్టి దాచుకున్నాడని, విభాగం మొత్తంలో క్రమపద్ధతిలో ఉన్న ఫైలు అదొక్కటేనని అందరూ అనేవారు. అతనికి పోర్టు దగ్గర ఒక గోదాములో ఉద్యోగం దొరికితే అతనికన్నా నేనే ఎక్కువ సంతోషించాను. అతని స్థానంలో కాంట్రాక్టు మీద ఒకావిడ వచ్చింది. వయసు యాభై దాటింది. సముద్రపు ఒడ్డున జాలరిపేటలో ఇల్లు. భర్త, ఇద్దరు మరుదులు వేటకు వెళ్తారు. ఈమె ఇరవై ఏళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో చేపలమ్మింది. మోకాళ్ల నొప్పులు వచ్చాక నీడపట్టున పని కావాలని మా దగ్గర చేరింది. చేరిన వారంలోనే గది అద్దంలా మెరిసింది.

ఇంత మంచి మనిషి దొరికినప్పుడు ఆమెకు తగిన నియమావళి ఉండాలనిపించింది. పదకొండు పేజీలు రాశాను. బోను మూత ఎన్ని సెకన్లకు మించి తెరచి ఉండరాదో, ఎలుకను తోక మొదట్లో ఎంత మెత్తగా పట్టుకోవాలో, సంతకం ఏ గడిలో పెట్టాలో, అన్నీ రాశాను. నాలుగో పేజీ ఏడో అంశం ఇది: "బోను మార్చునపుడు ఐదు గ్రాముల పాత ఊకను కొత్త బోనులో వేయవలెను." మేము బోనుల అడుగున ఆవిరిలో శుద్ధి చేసిన వరి ఊక పరుస్తాం. అంతా కొత్త ఊకే ఉంటే తన వాసన కనిపించక ఎలుక బెదురుతుంది. అందుకని పాతది కొంచెం. నాలుగు గ్రాములు చాలవనీ, ఆరు గ్రాములు ఎక్కువనీ నాకు గట్టిగా అనిపించింది.

ఆమె అయిదో తరగతి వరకు చదివింది. నియమావళి మొత్తం నేనే చదివి వినిపించాను. ఏడో అంశం దగ్గర ఆపింది.

"ఏటి బాబూ, ఎలకలకి కూడా కొత్తింట్లోకెల్తే బెంగెట్టుద్దేటి?"

"పెడుతుందమ్మా. అందుకే ఐదు గ్రాములు."

"ఐదు గ్రాములంటే?"

తూచి అరచేతిలో పెట్టాను. చిన్న గుప్పెడు. ఆమె ఓసారి గుప్పిట మూసి తెరిచి, "సరే, తెలిసింది" అంది. తర్వాత ఎన్నడూ త్రాసు ముట్టుకోలేదు.

మూడో విడత ఫలితం: పన్నెండు ఎర్రవాటిలో రెండింటికి జబ్బు ముదిరింది. తెల్లవాటిలో ఒకదానికి.

ప్రొఫెసరుగారు ముందు సూక్ష్మజీవిని అనుమానించారు. అది బద్ధకించిందన్నారు. కొత్తది తెప్పించి నాలుగో విడత చేశాం. ఎర్రవి ఒకటి, తెల్లవి రెండు. అంటే జన్యువు ఉన్నవాటికే జబ్బు కాస్త ఎక్కువ. ఆ సాయంత్రం ఆయన కిటికీ తెరిచి, గట్టు మీద వేలితో రాసి చూశారు.

"ఏవండీ, పోర్టు నుంచి బొగ్గు ధూళి వస్తోంది. అదే కారణం" అన్నారు.

"జబ్బు పట్టించాక ఆ మూడు వారాలూ గాలి ఇటు నుంచి పోర్టు వైపుకే వీచింది సార్" అని గాలి దిశల పట్టిక ఆయన బల్ల మీద పెట్టాను.

"అయితే మేత."

మేత పరీక్ష నివేదిక పెట్టాను. నీళ్లన్నారు. నీళ్ల నివేదిక పెట్టాను. ఏసీ అన్నారు. ఏడు వారాల ఉష్ణోగ్రత గీతను మడత విప్పి పరిస్తే అది బల్ల దాటి ఆయన ఒళ్లోకి జారింది. చివరికి కార్డులు తారుమారయ్యాయేమోనన్నారు. ప్రతి ఎలుక తోక చివరి నుంచీ నమూనా తీసి జన్యు పరీక్ష చేయించాం. ఎర్ర కార్డు వెనక ఉన్న ప్రతిదానికీ జన్యువు లేదు. తెల్ల కార్డు వెనక ఉన్న ప్రతిదానికీ ఉంది. నా విభాగంలో ఏ లోపమూ లేదని నిరూపిస్తూ తొమ్మిది పేజీల నివేదిక సమర్పించాను. అంత చక్కటి నివేదికను నేను మళ్లీ రాయలేదు.

ఐదో విడత: ఎర్రవి ఒకటి, తెల్లవి ఒకటి.

పరిశోధన విద్యార్థుల ప్రగతిని పరిశీలించే కమిటీ గురువారం పదకొండు గంటలకు సమావేశమవుతుందని, ఈ అంశాన్ని మూసివేయాలా వద్దా అన్నది అక్కడే తేలుస్తారని కబురు వచ్చింది. ఫెలోషిప్పుకు ఐదు నెలలు మిగిలాయి. సోమవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి నా గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది.

"మూసేయమంటే ఒప్పేసుకుంటాను సార్. ఐదేళ్లు ఎలకల్ని సూసి, ఏటీ తేలలేదని ఒక పేజీ రాసి ఇచ్చేస్తాను. మా నాన్న అడుగుతున్నాడు, ఇంకెన్నాళ్లమ్మా, మన ఊళ్లో ఎలకలే నేవా అని."

నవ్వాలో వద్దో తెలియలేదు. నా తొమ్మిది పేజీల నివేదిక ఆమె ముందుకు జరిపాను. ఆమె దాన్ని చూడలేదు.

"సార్, ఎలకల డబ్బాలు మార్చినప్పుడు మీరెప్పుడైనా సూసారా?"

"ఇరవై ఏడు వారాల చెక్‌లిస్టులున్నాయమ్మా. ప్రతిదాని మీదా నా సంతకం ఉంది."

"సంతకం కాదు సార్. సూసారా అని."

కోపం వచ్చింది. ఆ కోపంలోనే మర్నాడు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏ లోపమూ లేదని కళ్లారా చూసి, పదో పేజీ జత చేద్దామన్నదే నా ఉద్దేశం.

మా అటెండరు పని చూడముచ్చటగా ఉంది. మూత తీయడం, ఎలుకలను ఒక్కొక్కటిగా కొత్త బోనులోకి దించడం, గుప్పెడు పాత ఊక చల్లడం, మూత పెట్టడం. ఎక్కడా ఒక సెకను వృథా లేదు. మొదటి ఆరు బోనులూ తెల్ల కార్డువి. ఏడోది ఎర్ర కార్డు. ఎలుకలను కొత్త బోనులోకి దించింది. ఆ ఎలుకల పాత బోను కుడి చేతి పక్కనే ఉంది. ఆమె చెయ్యి మాత్రం ఎడమ వైపుకు వెళ్లి, అంతకు ముందు పక్కన పెట్టిన ఆరో బోనులోంచి గుప్పెడు ఊక తీసి, ఏడోదాంట్లో చల్లింది.

"ఆగమ్మా. ఆ ఊక ఎక్కడిది?"

"ఇదిగో, ఈ తెల్లకార్డు డబ్బాలోది బాబూ."

"తెల్లకార్డు ఊక ఎర్రకార్డు బోనులో ఎందుకు వేశావు?"

ఆమె మాస్కు కిందికి లాగి నన్ను జాలిగా చూసింది.

"మరేటెయ్యమంటారు? ఇవి నీరసం గుంటలు. బక్కసిక్కిపోనాయి, కడుపు కూడా పల్సగా ఎల్తాది. ఆటి కంపు మళ్లీ ఆటికే ఎయ్యమంటారేటి, పాపం కాదా? తెల్లకార్డోల్లు బాగున్నారు. ఆల్లింట్లోంచి ఓ గుప్పెడు ఈల్లకిత్తన్నాను."

"ఇలా చేయమని నీకెవరు చెప్పారు?"

"ఎవులు సెప్పాలి బాబూ? మా కాడ పడవ ఒడ్డుకొచ్చినాక ఏటకెల్లనోడి ఇంటికి కూడా కూరకి నాలుగు సేపలిత్తారు. ఆ ఇంటోడు జరంతో పడుకున్నాడంటే ఇంకో రెండెక్కువ. అడిగి ఇత్తారేటి? ఇచ్చీడమే."

"ఎప్పట్నుంచి ఇలా?"

"నాను సేరినకాడ్నుంచీ. ఐదు గ్రాములు ఎయ్యమన్నది మీరే కదా. ఏ డబ్బాలోదో మీరు సెప్పనేదు."

గోడకు తగిలించిన నియమావళి తీసి నాలుగో పేజీ తెరిచాను. బరువు ఉంది. ఊక తీయవలసిన సమయం ఉంది. చేతి తొడుగు రకం కూడా ఉంది. "అదే బోనులోని" అనే రెండు మాటలు పదకొండు పేజీల్లో ఎక్కడా లేవు. ఎలుకకు తన వాసన ఉండాలన్న కారణం నా తలలో ఉంది. కాగితం మీదికి గ్రాములు మాత్రమే వచ్చాయి.

ఇందులో ఇంత విపరీతం ఏముందని కొత్తవారు అడగవచ్చు. చిట్టెలుకకు ఒక అలవాటుంది. అది పెంటికలు తింటుంది, తనవైనా పొరుగువారివైనా. పాత ఊక నిండా ఉండేవి పెంటికలే. వాటితోపాటు ఒకరి పేగుల్లో కాపురముండే మంచి సూక్ష్మజీవులు మరొకరి పేగుల్లోకి చేరతాయి. జబ్బు పట్టించడానికి ముందు నాలుగు వారాల్లో నాలుగు మంగళవారాలు. మా ఎర్రకార్డు ఎలుకలకు ఆమె నాలుగుసార్లు పొరుగింటి సాయం అందించి, ఆ తర్వాత వాటిని మా చేతికి ఇస్తోంది.

అయితే మొదటి రెండు విడతల్లో ఏం జరిగింది? ఊక వేయాలన్న నియమం అప్పుడూ నోటిమాటగా ఉంది. పాత అటెండరుకు ఫోను చేశాను. వెనక లారీల మోత.

"సార్! నాను ఇప్పుడు మీ కింద లేను సార్. మెమో ఇచ్చినా సెల్లదు."

"మెమో కాదయ్యా. ఒక్క సంగతి నిజం చెప్పు. బోను మార్చినప్పుడు పాత ఊక కొంచెం వేయమన్నాను కదా, వేసేవాడివా?"

అతను గొంతు తగ్గించాడు.

"కోప్పడరు కదా?"

"కోప్పడను."

"ఒక్కసారి కూడా ఎయ్యనేదు సార్. ముప్పైయారు డబ్బాల్లో గుప్పెడు గుప్పెడు ఎవుడేత్తాడు?"

"చాలా మంచి పని చేశావు" అన్నాను. ఆ మాటకు అతను నిజంగా భయపడ్డాడు. ఆరోగ్యం బాగుందా సార్ అని రెండుసార్లు అడిగాడు.

అంటే మాకు శుభ్రమైన ఫలితాన్ని ఇచ్చింది అతని బద్ధకం. దాన్ని చెడగొట్టినవి ఒక మంచి మనిషి శ్రద్ధ, నా పదకొండు పేజీలు.

ఆ అమ్మాయిని పిలిచి చెప్పాను. అరచేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను; భుజాలు కదులుతున్నాయి. చేతులు తీస్తే నవ్వుతోంది.

"సార్, అయితే జన్యువు లేకపోయినా జబ్బు ఆగింది. ఆపింది పొరుగోళ్ల పెంటికలు. జన్యువు కాపలా కాయట్లేదు సార్, కాపలా కాసే మంచి సూక్ష్మజీవులకి చోటిస్తోంది. చోటు లేక అవి ఎల్లిపోతే జబ్బు వస్తోంది. వారం వారం మన అటెండరు పిన్ని వాటిని తెచ్చి దించుతోంది!"

నేను కాగితం వెతికేలోగా నా నియమావళి వెనక పేజీ మీదే కొత్త ప్రయోగం పటం గీసేసింది. నాలుగు గుంపులు: ఎర్రవాటికి వాటి ఊకే, ఎర్రవాటికి తెల్లవాటి ఊక, తెల్లవాటికి వాటి ఊకే, తెల్లవాటికి ఎర్రవాటి ఊక. గుంపుకు పన్నెండు.

గురువారం కమిటీ ముందు ప్రొఫెసరుగారు మొదట ఆ అటెండరును పనిలోంచి తీసేయాలన్నారు. నేను లేచి, తీసేయవలసి వస్తే నాలుగో పేజీ రాసిన మనిషిని తీసేయాలని, ఆయనకు పదవీ విరమణ ఎలాగూ దగ్గర్లోనే ఉందని చెప్పాను. కమిటీ అధ్యక్షురాలు ఒక అనుమానం లేవదీశారు: చేత్తో వేసిన గుప్పెడును మోతాదుగా ఎలా నమ్మాలి? త్రాసు తెప్పించాం. ఆవిడనూ పిలిపించాం. అంతమంది పెద్దల మధ్య ఆమె కొంగు సర్దుకుని, బుట్టలోంచి అయిదుసార్లు ఊక తీసి త్రాసు మీద వేసింది. 5.0, 4.9, 5.1, 5.0, 5.0. తర్వాత ఎందుకో నన్నూ వేయమన్నారు. 6.4, 3.8. మూడోది వేయనివ్వలేదు.

"ఇరవై ఏళ్లు సేత్తో రొయ్యలు పంచినాను బాబూ" అని ఆమె నన్ను ఓదార్చింది. "మీది రాసే సెయ్యి."

అధ్యక్షురాలు నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగారు. అంశాన్ని మూసివేయలేదు. గడువు పొడిగించారు, ఫెలోషిప్పును పొడిగించే అధికారం తమకు లేదన్నారు. సమావేశం ముగిసి మెట్లు దిగేసరికి ప్రొఫెసరుగారు పక్కన నడుస్తున్నవారితో, తనకు మొదటి నుంచీ ఊక మీదే అనుమానం ఉండేదని చెబుతున్నారు.

కొత్త ప్రయోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఎర్రకార్డు ఎలుకలకు వాటి ఊకే వేయమని ఆమెను ఒప్పించడం. నియమావళి పన్నెండు పేజీలైంది. "అదే బోనులోని" అన్న మాటలను లావు అక్షరాల్లో అచ్చు వేయించాను. ఆమె పాటించింది. కాని ప్రతి మంగళవారం ఎర్ర కార్డుల ముందు వంగి, నాకు వినపడేలా చెప్పేది: "సూడండర్రా, నానేటి సెయ్యను, ఆ బాబు ఎయ్యొద్దన్నాడు. తిట్టుకుంటే ఆ బాబుని తిట్టుకోండి. అదిగో, స్టూలు మీద కూకున్నాడు." అప్పటి నుంచి నేను ప్రతి మంగళవారం స్టూలు మీదే ఉండేవాణ్ణి కాబట్టి, తిట్లు నేరుగా చేరేవి.

ఫలితం వచ్చింది. తమ ఊకే వేసిన పన్నెండు ఎర్రవాటిలో పదింటికి జబ్బు ముదిరింది. తెల్లవాటి ఊక వేసిన పన్నెండు ఎర్రవాటిలో ఒక్కదానికి. తెల్లవాటికి ఏ ఊక వేసినా పెద్ద తేడా లేదు. మొత్తం ప్రయోగం మళ్లీ మొదటి నుంచీ చేశాం. లెక్కలు అటూ ఇటూ ఒకటి రెండు తప్ప మారలేదు. ఈలోగా ఫెలోషిప్పు అయిపోయింది. ఆ అమ్మాయి సాయంత్రాలు మద్దిలపాలెంలో ఒక కోచింగ్ సెంటరులో జీవశాస్త్రం చెప్పి, పగలు ఎలుకలు చూసింది. పేగుల్లో ఏ సూక్ష్మజీవి ఉందో, ఏది పోయిందో ఒక్కొక్కటే తేల్చుకుంటూ వెళ్లింది. పాత వ్యాసంలో "ఈ జన్యువే పేగును కాపాడుతుంది" అన్న వాక్యం ఉంది కాబట్టి, దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు తనే ఉత్తరం రాసింది. ప్రొఫెసరుగారు ఆ ఉత్తరం మీద సంతకం పెట్టడానికి మూడు రోజులు తీసుకున్నారు, పెట్టారు.

ఆ అమ్మాయి మౌఖిక పరీక్ష రోజున అటెండరు వెనక వరసలో నా పక్కన కూర్చుంది. పరీక్షకులు గంటన్నర ప్రశ్నలడిగారు. మధ్యలో ఆమె నా వైపు వంగి గుసగుసగా, "ఈ బాబులు అంతసేపు అడుగుతన్నారు, పాపకి మంచినీల్లైనా ఇవ్వరేటి?" అంది. నేను సమాధానం చెప్పేలోగా లేచి, గ్లాసు పట్టుకుని వేదిక మీదికి వెళ్లిపోయింది. అందరూ ఆగారు. ఆ అమ్మాయి నీళ్లు తాగి, గ్లాసు ఇచ్చి, తర్వాతి ప్రశ్నకు జవాబు చెప్పింది. పట్టా ఇవ్వవచ్చునని సాయంత్రం నాలుగూ పదికి ప్రకటించారు.

ఈ వ్యవహారానికి అయిన ఖర్చు, నష్టం ఇవి. తప్పు తెలియని మూడు విడతలకు చిట్టెలుకలు: డెబ్బై రెండు. తప్పు ఏమిటో నిరూపించడానికి: తొంభై ఆరు. వెనక్కి తీసుకున్న వ్యాసం: ఒకటి. ప్రొఫెసరుగారు వదులుకున్న సిద్ధాంతం: ఒకటి. చూడకుండా నేను పెట్టిన సంతకాలు: ఇరవై ఏడు. ఆ మంగళవారం నుంచి సిద్ధాంత వ్యాసం సమర్పించే దాకా పట్టిన నెలలు: పద్నాలుగు. వాటిలో ఆ అమ్మాయి ఫెలోషిప్పు లేకుండా పనిచేసినవి: తొమ్మిది.